మాత్ర వేశాక ఏం మారింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని పక్కన పెట్టుకున్నాను. నాలుగూ పార్కిన్సన్స్ గురించే, అందులోనూ మందు వేసి చూసి జబ్బును తేల్చుకోవడం గురించే. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. అందులో జరిగిందే చాలా ఇళ్లలో జరుగుతోంది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిన్నర నుంచి కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు వణుకుతోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతోంది. గుండ్రంగా ఉండే ఆయన రాత చీమల బారులా చిన్నదైపోయింది. ఒక ఆసుపత్రిలో పొద్దున్నే రమ్మని, చేతులూ కాళ్లూ ఆడించి చూసి, ఒక మాత్ర వేసి గంట తర్వాత మళ్లీ చూశారు. "పెద్దగా తేడా లేదు, ఇది పార్కిన్సన్స్ కాకపోవచ్చు" అన్నారు. దారిలో నీరసంగా ఉందంటే నాన్నగారికి రెండు పెసరట్లు తినిపించాం. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇంకో డాక్టరు గారేమో అదే మందు రెండు మూడు నెలలు వాడి చూద్దామంటున్నారు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి? దీనికి రక్తపరీక్ష ఏదీ లేదా?
ఒక కూతురు, తెనాలి

జవాబు: అమ్మా, రెండో డాక్టరు గారి మాట వినండి. ఆ ఒక్క మాత్రను చూసి పార్కిన్సన్స్ కాదనుకోవద్దు. ఖాళీగా ఉన్న చెయ్యి వణకడం, ఒకవైపే మొదలవడం, గుండీల దగ్గర వేళ్లు నెమ్మదించడం, రాత చిన్నదైపోవడం, ఇవన్నీ ఆ జబ్బువైపే చూపిస్తున్నాయి. గ్లాసు ఎత్తినప్పుడో సంతకం పెట్టేటప్పుడో మాత్రమే వణికే చెయ్యి అయితే నేను వేరేలా ఆలోచించేదాన్ని.

ముందు పెసరట్ల సంగతి చెబుతాను. ఆయనకు వేసిన మందు పార్కిన్సన్స్‌కు ముఖ్యంగా ఇచ్చే లెవోడోపా అయి ఉంటుంది. అది ఒక అమైనో ఆమ్లం. పెసల్లోని మాంసకృత్తులు అరిగితే వచ్చేవీ అమైనో ఆమ్లాలే. పేగు గోడ దాటడానికీ, ఆపైన రక్తం నుంచి మెదడులోకి వెళ్లడానికీ ఇవి ఒకే ద్వారం వాడుకుంటాయి. పెసల నుంచి వచ్చినవి అక్కడ ముందే కిక్కిరిసి ఉంటే మందు తక్కువగా, ఆలస్యంగా లోపలికి వెళ్తుంది. నిండు పొట్టలో మాత్ర చాలాసేపు ఉండిపోవడం మరో ఇబ్బంది. అది పేగులోకి దిగితే గానీ ఒంటికి పట్టదు. ఏం తిన్నారో అడగకుండా చేసిన ఆ పరీక్షకు నేను విలువ ఇవ్వను. అందులో మీ తప్పేమీ లేదు. అది అక్కడివాళ్లు అడగాల్సిన ప్రశ్న.

ఆయన ఏమీ తినకుండా వెళ్లి ఉన్నా నా జవాబు ఇంచుమించు ఇదే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ అనే మందు ఇచ్చాడు. మన సర్పగంధ వేళ్ల నుంచి తీసిన మందే అది, అప్పట్లో బీపీకి వాడేవారు. కుందేళ్లు చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. లెవోడోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమిన్ అనే రసాయనంగా మారుతుంది. ఆ డోపమిన్ తగ్గితే కదలిక ఆగిపోతుందని అలా తెలిసింది. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదడు లోపలి భాగాల్లో ఆ డోపమినే బాగా తగ్గి ఉందని చూపించాడు. మరుసటి ఏడాది అక్కడే రోగులకు సూదిమందుగా ఇచ్చి చూస్తే మంచం మీద ఉన్నవాళ్లు లేచి నడిచారు. కానీ ఆ గుణం కొన్ని గంటలే నిలిచింది. ఆ తర్వాత చాలామంది చిన్న మోతాదులతో ప్రయత్నించి, తేడా కనబడక, ఈ మందులో పసలేదని వదిలేశారు. 1967లో న్యూయార్క్‌లో జార్జ్ కోట్జియాస్ కొద్దికొద్దిగా పెంచుకుంటూ, వారాల తరబడి, పెద్ద మోతాదుకు తీసుకెళ్లాడు. అప్పుడు గానీ మందు తన బలం చూపించలేదు.

మీ నాన్నగారి విషయంలోనూ కావలసింది ఆ ఓపికే. జబ్బు కొత్తగా ఉన్న మనిషిలో లెవోడోపా ప్రభావం రెండు రకాలుగా ఉంటుంది. మాత్ర వేసిన గంటకు కనబడి కొన్ని గంటల్లో పోయేది ఒకటి. రోజులు, వారాలు గడిచేకొద్దీ కూడుకుంటూ వచ్చి నిలబడేది రెండోది. తొలి ఏళ్లలో ఈ రెండోదే ముఖ్యం. గంట చూసి పంపించేస్తే అది కనబడే అవకాశమే లేదు.

దీన్ని లెక్కగట్టి చూసినవాళ్లూ ఉన్నారు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2000లో ఒక సమీక్ష వెలువడింది. జబ్బు స్థిరపడ్డవాళ్లలో ఒక్క మోతాదు పరీక్ష నూటికి సుమారు 75 మందిని పట్టుకుంది. ఇంకా ఏ మందూ మొదలుపెట్టని కొత్తవాళ్లలో ఆ అంకె 70 దాకానే. మిగతావాళ్లకు జబ్బు ఉన్నా పరీక్ష లేదనే చెప్పింది. చర్మం కింద ఇచ్చే, డోపమిన్‌లా పనిచేసే అపోమార్ఫిన్ సూది పది, పదిహేను నిమిషాల్లో పనిచేస్తుంది, కానీ కొత్తవాళ్లలో దాని ఫలితం కూడా అంతకంటే మెరుగు కాదు. పైగా వాంతులు, బీపీ పడిపోవడం. అందుకే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, జబ్బు ఏదో తేల్చడానికి ఈ ఒక్క మోతాదు పరీక్షలు వాడవద్దని 2006లోనే చెప్పింది. 2017లో కొత్త మార్గదర్శకాలు తెచ్చినప్పుడు కూడా ఆ మాట మార్చలేదు.

నేను ఈ పాఠం పుస్తకంలో నేర్చుకోలేదు. ప్రాక్టీసు మొదటి రోజుల్లో మంగళగిరి నుంచి ఒక నేత కార్మికుడు వచ్చాడు. వయసు యాభై లోపు. గుంట మగ్గం మీద కూర్చుంటే కుడిచెయ్యి నాడెను సమయానికి విసరలేకపోతోందని, రోజుకు నేసే గుడ్డ సగానికి పడిపోయిందని చెప్పాడు. వణుకు లేదు. ఒక మాత్ర వేశాను, గంటన్నర చూశాను, మార్పు కనబడలేదు. పార్కిన్సన్స్ కాదని చెప్పి, మెడ ఎముకల ఫోటో రాయించి పంపాను. ఎనిమిది నెలల తర్వాత ఆయన భార్య వచ్చి, వేరే ఊళ్లో డాక్టరు గారు అదే మందు రెండు నెలలు ఇచ్చారనీ, మళ్లీ మగ్గం ఎక్కాడనీ చెప్పింది. ఆ ఎనిమిది నెలల్లో మాస్టర్ వీవర్ దగ్గర అప్పు పెరిగిందని కూడా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఒక్క మాత్రతో "కాదు" అనే మాట నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక మీరు చేయాల్సింది. మీ డాక్టరు గారు బహుశా లెవోడోపా 100 మిల్లీగ్రాములు ఉండే మాత్రను, సిండోపా 110 లాంటిదాన్ని, సగం సగంగా రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి వారం వారం పెంచుతారు. అందులోని కార్బిడోపా, మందు మెదడుకు చేరకముందే దారిలో ఖర్చయిపోకుండా కాపాడుతుంది. భోజనానికి అరగంట, ముప్పావుగంట ముందు వేయండి. మొదట్లో వికారంగా ఉంటే ఒక బిస్కెట్‌తో వేయవచ్చు. పప్పు, పెరుగు, గుడ్డు మానక్కర్లేదు, మాత్ర వేళకు దూరంగా పెడితే చాలు. పెంచడం, తగ్గించడం డాక్టరు గారి చేతిలోనే ఉండాలి.

ఫలితాన్ని మనసులో గుర్తుంచుకోవడం మీద ఆధారపడకండి. మందు మొదలుపెట్టే ముందురోజు ఫోన్‌లో వీడియో తీయండి. బొటనవేలూ చూపుడువేలూ వీలైనంత వెడల్పుగా, వేగంగా పదిసార్లు తాటించమనండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనండి. వరండా చివరిదాకా నడిచి వెనక్కి తిరగమనండి. ఆయన లెక్కల మాస్టారు కదా, పదమూడో ఎక్కం ఒక కాగితం మీద రాయించి తేదీ వేయండి. నెలకొకసారి, మాత్ర వేసిన గంటకు, ఇవే మళ్లీ చేయించండి. మేమూ ఇదే పని ఒక పద్ధతిలో చేస్తాం. ముఖం, మాట, వేళ్లు, కాళ్లు, నడక చూసి 132 దాకా మార్కులు వేసే కొలమానం ఉంది. ఎన్ని ఎక్కువ వస్తే అంత ఇబ్బంది. 36 ఉన్న మనిషి 24కు దిగితే మూడో వంతు మెరుగైనట్టు. 30 శాతానికి పైన దిగితే మంచి స్పందనగా లెక్కిస్తాం.

రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. నెమ్మదితనం, బిగుతు తగ్గినంతగా వణుకు తగ్గకపోవచ్చు. కొందరిలో వణుకు మొండిగా ఉంటుంది. వణుకు ఒక్కదాన్నే చూసి మందు పనిచేయలేదనుకోకండి. ఇక, మొదటి వారంలో కనబడిన హుషారును చూసి జబ్బు ఖాయమనీ అనుకోకండి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు అది మందో కాదో తెలియకుండా ఉప్పునీటి సూది వేసినా మెదడులో నిజంగానే డోపమిన్ విడుదలైందని 2001లో కెనడాలో స్కాన్ తీసి చూపించారు. ఆశకు అంత బలం ఉంది. అందుకే నెలలు చూడాలి.

"కాదు" అనడానికి కూడా ఒక గీత ఉంది. 2015లో అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న ప్రమాణాల ప్రకారం, జబ్బు లక్షణాలు ఒక మోస్తరుగానైనా ఉన్న మనిషి, రోజుకు 600 మిల్లీగ్రాములు గానీ అంతకు పైగా గానీ లెవోడోపా వాడినా కంటికి కనబడే మార్పేమీ లేకపోతే అది పార్కిన్సన్స్ కాదు. మీ నాన్నగారు ఆ మోతాదు దరిదాపులకు కూడా వెళ్లలేదు.

ముందే మొదలుపెడితే మందు అరిగిపోయి తర్వాత పనిచేయదని ఎవరైనా భయపెడతారు. నెదర్లాండ్స్‌లో 445 మందితో జరిగిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. సగంమందికి వెంటనే, సగంమందికి 40 వారాలు ఆలస్యంగా మందు ఇచ్చారు. 80 వారాల దగ్గర చూస్తే రెండు జట్ల మధ్య జబ్బు తీవ్రతలో తేడా లేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థపడుతూ మందును దాచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రక్తపరీక్ష అడిగారు. ఈ జబ్బును తేల్చే మామూలు రక్తపరీక్ష వాడుకలో లేదు. ఎమ్మారై తీసేది వేరే జబ్బు లేదని చూసుకోవడానికే. ఒక్క మోతాదు పరీక్షకు సరైన చోటు వేరే ఉంది. మెదడులో కరెంటు తీగలు పెట్టే ఆపరేషన్, అదే డీబీఎస్, ఎవరికి పనికొస్తుందో తేల్చడానికి అది బాగా అక్కరకొస్తుంది. రాత్రి నుంచి మందులు ఆపి, పొద్దున్న కొలిచి, పెద్ద మోతాదు ఇచ్చి మళ్లీ కొలుస్తారు. అది జబ్బు ఏమిటో తెలిసినవాళ్లకు చేసే పరీక్ష.

ప్రశ్న: మా అమ్మకు 59 ఏళ్లు. నాలుగు నెలలుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, ముఖంలో నవ్వు పోయింది, అడుగులు చిన్నవైపోయాయి. పార్కిన్సన్స్ అని మందు మొదలుపెట్టారు. రెండు నెలలైనా ఏ మార్పూ లేదు. అమ్మకు వేరే జబ్బులేమీ లేవు, గ్యాస్ బిళ్ల తప్ప ఏదీ వేసుకోదు.
ఒక కొడుకు, నిజామాబాద్

జవాబు: బాబూ, ఆ గ్యాస్ బిళ్ల అట్ట వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువు. లెవోసల్పిరైడ్ అని ఉందేమో చూడు. పొద్దున్నే పరగడుపున వేసుకునే చాలా గ్యాస్ క్యాప్సూళ్లలో ఎసిడిటీ మందుతో పాటు ఇదీ కలిసి ఉంటుంది. పది రోజులకు రాసిన చీటీతో మెడికల్ షాపులో రెండేళ్లు కొనుక్కునేవాళ్లను నేను ప్రతివారం చూస్తున్నాను.

ఈ మందు మెదడులో డోపమిన్ వచ్చి కూర్చునే చోట్లను మూసేస్తుంది. పైనుంచి లెవోడోపా ఎంత పోసినా కూర్చోవడానికి చోటు ఉండదు. అమ్మకు మందు పనిచేయకపోవడానికి ఇదే కారణం కావచ్చు. రెండు పక్కలా ఒకేసారి మొదలవడం, నాలుగు నెలల్లోనే ఇంత ముదరడం కూడా నాకు ఆ అనుమానమే కలిగిస్తోంది. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, తలనొప్పికి నెలల తరబడి వాడే ఫ్లూనరిజిన్, మానసిక జబ్బులకు ఇచ్చే కొన్ని మందులు కూడా ఇదే పని చేస్తాయి.

ఇక్కడ పరీక్ష తలకిందులుగా ఉంటుంది. మందు ఇచ్చి చూడటం కాదు, మందు మానిపించి చూడటం. డాక్టరు గారికి ఆ అట్ట చూపించి, ఆయన సలహాతోనే గ్యాస్ బిళ్ల ఆపండి. మానసిక జబ్బు మందులైతే మాత్రం సొంతంగా ఎప్పుడూ ఆపకూడదు. మార్పు వారంలో రాదు. కొందరికి రెండు మూడు నెలలు, కొందరికి ఆరు నెలలు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. అంతకాలం ఆగినా తగ్గకపోతే, లోపల నిదానంగా ఉన్న పార్కిన్సన్స్ ఈ బిళ్ల వల్ల ముందే బయటపడిందేమో అని ఆలోచిస్తాం. మెదడులో డోపమిన్ కణాలు ఎలా ఉన్నాయో చూపించే ట్రోడాట్ అనే స్కాన్ అప్పుడు ఉపయోగపడుతుంది. ఈ వణుకు కేవలం అలాంటి బిళ్లల వల్లే వచ్చి ఉంటే ఆ స్కాన్ మామూలుగా ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒకటే. ఇంట్లో ఉన్న మందులన్నీ, అయిపోయిన అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. రాజమండ్రిలో ఉన్న మా అమ్మ ఎవరో చెప్పారని దూలగొండి గింజల చూర్ణం వేసుకుంటోంది. చెయ్యి తేలికపడిందంటోంది. అంటే పార్కిన్సన్స్ ఉన్నట్టేనా? పరీక్ష అవసరం లేదా?

జవాబు: అమ్మకు తేలికపడటం భ్రమ కాకపోవచ్చు. దూలగొండి గింజల్లో ఉన్నది లెవోడోపానే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని విడదీశారు. పార్కిన్సన్స్‌కు అది మందని ప్రపంచానికి తెలియడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందు మాట.

కానీ ఒక చెంచాలో ఎంత మందు వెళ్తోందో మనకు తెలియదు. గింజనుబట్టి, పొడినిబట్టి మారుతుంది. కార్బిడోపా తోడు లేదు కాబట్టి వికారం ఎక్కువ. కొలత తెలియని మందుతో వచ్చిన ఫలితాన్ని నేను పరీక్షగా తీసుకోలేను. అమ్మ చూర్ణం వేసుకుంటున్న సంగతి డాక్టరు గారికి తప్పకుండా చెప్పించండి. చెప్పకుండా వెళ్తే చూసే పొద్దుకు జబ్బు సగం దాగిపోయి ఉండవచ్చు. మీద సిండోపా కూడా కలిస్తే మోతాదు పెరిగిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. చూర్ణం డబ్బాను కూడా ఆ సంచిలో వేయమనండి.

ప్రశ్న: మా ఆవిడకు 57 ఏళ్లు. రెండేళ్ల క్రితం మందు మొదలుపెడితే మూడు నెలల్లో బాగా తిరిగింది. "మందుకు లొంగింది, పార్కిన్సన్సే" అన్నారు. ఇప్పుడు అదే మందు రెట్టింపు వేసినా గుణం లేదు. లేచి నిలబడితే తూలుతోంది, మూత్రం ఆపుకోలేకపోతోంది. మొన్న చూసిన డాక్టరు గారు ఎంఎస్ఏ అన్నారు. అప్పుడు చేసిన పరీక్ష తప్పా? రెండేళ్లు పోగొట్టుకున్నామా?
ఒక భర్త, వరంగల్

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మీరు ఏమీ పోగొట్టుకోలేదు. ఎంఎస్ఏను ముందే గుర్తించి ఉన్నా మొదట ఇచ్చేది ఈ మందే. ఆ మూడు నెలల్లో ఆవిడ తిరిగిన తిరుగుడు ఆ మందు వల్ల దక్కిందే.

ఎంఎస్ఏ, అంటే మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, వేరే జబ్బు. అందులో డోపమిన్ తయారుచేసే కణాలతో పాటు, ఆ డోపమిన్ అందుకునే కణాలు కూడా దెబ్బతింటాయి. బీపీని, మూత్రాన్ని అదుపులో ఉంచే నరాలూ పాడవుతాయి. అందుకే మందు ఇచ్చినా చివరికి అందుకునేవాళ్లు ఉండరు. అయినా మూడింట ఒకవంతు మందిలో మొదట్లో మందుకు ఎంతో కొంత గుణం కనబడుతుంది. ఒకటి రెండేళ్లలో అది జారిపోతుంది. మొదటిరోజు చూసిన డాక్టరు గారు మంచి గుణం చూసి పార్కిన్సన్స్ అనుకోవడంలో అశ్రద్ధ లేదు. ఆ వయసులో, ఆ లక్షణాలతో నేనూ అలాగే అనుకునేదాన్నేమో. ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ, మందు ఇంకా పట్టుకుని ఉందా, కొత్తగా ఏం వచ్చింది అని మళ్లీ మొదటినుంచి అడగాలి. మన ఓపీల రద్దీలో జారిపోతున్నది ఆ ప్రశ్నే. పాత చీటీ చూసి అవే మందులు మళ్లీ రాసి పంపిస్తున్నాం.

గుణం లేదని మాత్రలు ఒక్కసారిగా ఆపేయకండి. అలా ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పైగా, పనిచేయడం లేదనుకున్న మందు తగ్గించాకే అది ఎంతో కొంత నిలబెడుతోందని తెలుస్తుంది. తగ్గించాల్సి వస్తే డాక్టరు గారు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

తూలడం గురించి ఈ వారమే ఒక పని చేయించండి. ఆవిడను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడమనండి. లేపి నిలబెట్టి మూడు నిమిషాలకు మళ్లీ చూడమనండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే తూలు దానివల్లే కావచ్చు. లెవోడోపా రెట్టింపు చేయడం వల్ల అది ఇంకా పెరిగి ఉండవచ్చు. దానికి వేరే మందులున్నాయి. అప్పటిదాకా మంచం తలవైపు కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. పొద్దున్న లేవగానే నిలబడనివ్వకండి. మంచం మీదే కూర్చోబెట్టి ఒక పెద్ద గ్లాసు నీళ్లు తాగించి, కాసేపయ్యాక మీ చెయ్యి పట్టుకుని లేవమనండి.